కుండీ మార్చు వేళ

మొక్కకు నోరు లేదని మనమందరము చెప్పుకొందుము. మూగజీవి యని జాలిపడుదుము. కాని మొక్కకు నోరు లేకపోవుటకంటె మనకు చూపు లేకపోవుటయే దానికి హెచ్చు కీడు చేయుచున్నదని నా యభిప్రాయము. ఈ యభిప్రాయము నాకు పుస్తకములవలన కలిగినది కాదు. ఒక కరివేపాకు మొక్కవలనను, ఒక బాలికవలనను కలిగినది.

కొన్ని యేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన పాఠశాలలో వరండా పొడుగునను కుండీలు వరుసగా పేర్చి, ఒక్కొక్క కుండీని ఒక్కొక్క విద్యార్థి పోషణలో నుంచితిమి. సంవత్సరాంతమున ఎవరి మొక్క బాగుగా నుండునో వారికి బహుమానము. తొమ్మిదవ తరగతి బాలిక యొకతెకు కరివేపాకు మొక్క వచ్చినది. మొదటి యేడు అది చక్కగా పెరిగినది. ఆ పిల్ల పదవ తరగతికి వచ్చిన పిమ్మట, మాఘమాసము నాటికి ఆకు చిన్నదయ్యెను, రంగు పాలిపోయెను, చిగురు వేయుట మానెను. మధ్యాహ్నమగుసరికి రెమ్మలు వాలిపోవుచుండెను. నీరు పోయుట లేదని నేను నిశ్చయించుకొని, నలుగురి యెదుట ఆమెను మందలించితిని.

"రోజూ రెండు పూటలా పోస్తున్నానండీ, మాస్టారూ. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి వెళ్ళిపోతున్నాయి" అని ఆమె మెల్లగా చెప్పినది.

నేనది సాకుగా భావించితిని. బహుమానము మరియొకరికి పోయెను. చైత్రము నాటికి మొక్క యెండిపోయెను. ఆ బాలిక పరీక్షలు వ్రాసి పాఠశాల విడిచి వెళ్ళిపోయెను. వేసవి సెలవులలో, కుండీ మరియొక మొక్కకు పనికివచ్చునని, ఆ మోడును పట్టుకొని పైకి లాగితిని. మన్ను రాలలేదు. మన్ను ఉన్నగదా రాలుటకు! కొబ్బరిపీచు త్రాడు చుట్టినట్లు వేళ్ళు ఒకదానిపై నొకటి చుట్టుకొని, అచ్చముగా కుండీ యాకారమున ఒక ముద్ద బయటికి వచ్చినది. నడుమ నున్న మన్ను పిడికెడుకు మించదు. పోసిన నీరు ఆ ముద్దకును కుండీ గోడకును నడుమ నున్న సందులోనుండి జారి, అడుగు చిల్లునుండి వెలికిపోవుచుండెనన్నమాట. ఆ పిల్ల చెప్పినది సాకు కాదు, రోగనిర్ణయము. దానిని గ్రహించు విద్య నాకు లేకపోయినది.

నాటినుండి నేనీ విషయమును శ్రద్ధతో పరిశీలించుచున్నాను. కుండీ మార్చుట తోటమాలి పనియే కాని చదువుకొన్నవారు తెలిసికొనదగినది కాదని తలంచుట పొరపాటు. ఎప్పుడు మార్చవలయునో, ఎందుకు మార్చవలయునో తెలియక మార్చిన చేయి, మార్చక విడిచిన చేయి, రెండును మొక్కను చంపునవే.

మొదట "ఎందుకు" అను ప్రశ్నను విచారింతము. నేలలో బ్రదుకు మొక్కకు ఒకచోట నీరు తరిగినచో వేరు మరియొక దిక్కునకు సాగును. కుండీలోని వేరునకు ఆ స్వాతంత్ర్యము లేదు. అది సాగి సాగి గోడకు తగులును. దారి లేక గోడ వెంబడి తిరుగును. ఇది యేండ్లకు గాని జరుగదని మనము తలంచుచుందుము. జర్మనీ దేశమున యూలిష్ పరిశోధనాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులు, వైద్యులు మన శరీరములోని భాగములను చూచుటకు వాడు ఎం.ఆర్.ఐ. యంత్రముతో కుండీలోని వేళ్ళను చూచి, 2012లో తమ ఫలితములను ప్రకటించిరి. బార్లీ, షుగర్ బీట్ మొక్కల వేళ్ళు రెండు వారములు నిండకముందే కుండీ గోడను చేరుకొన్నవి. అంతకు పూర్వము జరిగిన 65 ప్రయోగములను వారే కూడి చూడగా, కుండీ పరిమాణము రెట్టింపయినప్పుడు మొక్క యొక్క మొత్తపు బరువు సగటున 43 శాతము హెచ్చుచున్నట్లు తేలినది. కుండీ కేవలము మొక్కను నిలువబెట్టు పాత్ర కాదు. మొక్క యెంత కావలయునో నిర్ణయించు హద్దులలో అదియు నొకటి.

వేళ్ళు పెరిగినకొలది మన్ను తరుగును. మన్ను తరిగినకొలది నీటిని నిలుపు శక్తి తరుగును. ఇది మొదటి కారణము. మన్నులోని పోషకములు కొన్ని మొక్క తినివేయగా, కొన్ని నీటితో కొట్టుకొనిపోవును. మనము పోయు బోరునీటిలోని లవణములు మాత్రము నిలిచిపోయి, మన్నుపైనను కుండీ యంచునను తెల్లని పొరగా పేరుకొనును. ఇది రెండవ కారణము. ఇక మూడవది అందరును మరచునది. వేరు నీరు త్రాగుట మాత్రమే కాదు, ఊపిరియు పీల్చును. మన్ను రేణువుల నడుమ నుండు గాలి దానికి ఆధారము. ఏండ్ల తరబడి నీరు పోయగా పోయగా మన్ను అణగి గట్టిపడినప్పుడు ఆ గాలికి తావుండదు. మన తులసికోటలనే చూడుడు. ఎండిన తులసిని తీసివేసి అదే మన్నులో క్రొత్త తులసిని నాటుదుము. అది నిలువనప్పుడు మన యదృష్టమును నిందించుకొందుము. నిందింపవలసినది అదృష్టమును కాదు, అలసిన మన్నును.

ఇక "ఎప్పుడు" అను ప్రశ్న. ఏటేట ఫలానా తేదీన కుండీ మార్చవలయునని కొందరు నియమము పెట్టుకొందురు. ఈ నియమము నాకు సమ్మతము కాదు. మొక్కకు పంచాంగము లేదు. వేగముగా పెరుగునది యేడాదికే కుండీని నింపును. మెల్లగా పెరుగునది మూడేండ్లయినను అందులో సుఖముగా నుండును. కావున లక్షణములను చూడవలయును. అడుగు చిల్లునుండి వేళ్ళు తొంగిచూచుట యొకటి. పోసిన నీరు నిలువక వెంటనే క్రిందికి దిగిపోవుట, లేక అణగిన మన్నుపై ఇంకక నిలిచిపోవుట యొకటి. ఉదయము నీరు పోసినను మధ్యాహ్నమునకే వాడుట యొకటి. పెరుగు కాలములోను చిగురు వేయకుండుట, వేసిన చిగురు మునుపటికంటె చిన్నదగుట యొకటి. కుండీ కంటె మొక్క పెద్దదై, గాలి వీచినప్పుడు ఒరుగుట యొకటి.

ఐతే వీనిలో ఏ యొక్కటియు తనంతట చాలదు. ఆకు పసుపుబారుట నీరు తక్కువైనను కలుగును, ఎక్కువైనను కలుగును. మన తర్కశాస్త్రజ్ఞులు ప్రమాణములను గూర్చి చెప్పునప్పుడు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని వేరువేరుగ పేర్కొందురు. ఆకు చూచి వేరు స్థితిని ఊహించుట అనుమానప్రమాణము. ప్రత్యక్షము కావలయుననినచో వేరునే చూడవలయును. అది కష్టము కాదు. ముందునాడు నీరు పోసి మన్నును తడిపి యుంచవలయును. మరునాడు కాండము వ్రేళ్ళ నడుమ నుండునట్లు అరచేయి మన్నుపై నుంచి, కుండీని తలక్రిందు చేసి, అంచును మెల్లగ తట్టినచో మన్నుగడ్డ బయటికి వచ్చును. మన్ను విడివిడిగా రాలినచో వేళ్ళింకను అల్లుకొనలేదని తెలిసికొని యథాస్థానమున నుంచవలయును. అక్కడక్కడ వేళ్ళు కనబడినను మన్నే ఎక్కువగ నున్నచో మరికొంతకాలము ఓపిక పట్టవచ్చును. మన్ను కనబడక వేళ్ళే చుట్టలు చుట్టుకొని యున్నచో, అదియే కుండీ మార్చు వేళ. అట్లుగాక వేళ్ళు నల్లబడి మెత్తనై దుర్గంధము వచ్చుచున్నచో అది క్రుళ్ళు. దానికి ఋతువు చూడరాదు. క్రుళ్ళినంతవరకు కోసివేసి వెంటనే క్రొత్త మన్నులోనికి మార్చవలయును.

ఆరోగ్యముగా నున్న మొక్కను మార్చుటకు మాత్రము ఋతువు చూడవలయును. మార్చునప్పుడు మనమెంత జాగ్రత్త పడినను, నీటిని పీల్చు సన్నని మూలకేశములు కొన్ని తెగక మానవు. అవి మరల పుట్టువరకు మొక్కకు నీటి రాబడి తక్కువ. రాబడి తగ్గిన వేళ వ్యయము హెచ్చినచో సంసారము నిలుచునా? రోహిణి కార్తె యెండలలో ఆకునుండి నీరు ఆవిరియగుట మిక్కుటము. కావున ఏప్రిల్, మే నెలలు మన ప్రాంతమున దీనికి తగవు. మృగశిర దాటి వానలు పడి గాలి చల్లబడిన పిమ్మట, ఆరుద్ర మొదలుకొని కొన్ని వారములు మిక్కిలి యనుకూలము. చలి తగ్గి చిగురు తొడుగు మాఘ ఫాల్గుణములును మంచివే. నా కరివేపాకునకు మాఘములోనే ఆ పని చేసియున్నచో అది బ్రదికియుండెడిదేమో!

మన రైతులకు ఈ సూక్ష్మము తెలియనిది కాదు. వరినారును సాధారణముగా 25, 30 దినముల ప్రాయమున తీసి పొలములో నాటుదురు. నీరందక నాట్లు ఆలస్యమై నారు ముదిరినచో పిలకలు తగ్గునని వారు దిగులుపడుదురు. నారుమడి నారునకు శాశ్వతనివాసము కాదని పల్లెలో బాలురకు కూడ తెలియును. పట్టణములో మేడమీద కుండీ పెట్టుకొన్న మనకే ఆ యెరుక పోయినది. కడియము, కడియపులంక నర్సరీలనుండి ఊరూరికి వచ్చు మొక్కలు నల్లని పాలిథిన్ సంచులలో నుండును గదా! ఆ సంచి మొక్కకు నారుమడి వంటిది. దానిని అలంకారపు కుండీలో సంచితో సహా దించి, అదే దాని యిల్లని మురిసిపోవువారిని నేనెరుగుదును. మరికొందరు తెచ్చిన సాయంకాలమే సంచి చింపుదురు. రెండును తగవు. ప్రయాణము చేసివచ్చిన మొక్కను వారము పది దినములు నీడపట్టున నుంచి, క్రొత్తచోటికి అలవడనిచ్చి, పిమ్మట మార్చుట మేలు.

కుండీ యెంత పెద్దది కావలయును? ఇక్కడ ప్రేమయే శత్రువగును. మాటిమాటికి మార్చు శ్రమ యేల యని కొందరు చిన్నమొక్కను గంగాళమంత కుండీలో పెట్టుదురు. మొక్క త్రాగగలిగిన నీటికంటె మన్ను పట్టి యుంచు నీరు హెచ్చయినప్పుడు, ఆ మన్ను దినముల తరబడి ఆరదు, గాలి చొరదు, వేరు క్రుళ్ళును. అందుచేతనే ప్రస్తుతపు కుండీకంటె వ్యాసమున ఒకటి రెండు అంగుళములు మాత్రమే పెద్దది చాలునని తోటపని తెలిసినవారు చెప్పుదురు. రెండంగుళములు స్వల్పమని తోచవచ్చును. గణితోపాధ్యాయులు దీనిని నల్లబల్లపై వేసి చూపవలయునని నా కోరిక. ఒకే యాకారము గల కుండీల ఘనపరిమాణము వ్యాసముయొక్క ఘనమును బట్టి పెరుగును. 8 యొక్క ఘనము 512. 10 యొక్క ఘనము 1000. అనగా 8 అంగుళముల కుండీనుండి 10 అంగుళముల కుండీకి పోయినచో మన్ను దాదాపు రెట్టింపగును. 16 అంగుళముల కుండీకి పోయినచో ఎనిమిది రెట్లగును! అనుభవముచేత తోటమాలి చెప్పిన రెండంగుళములును, శాస్త్రజ్ఞుడు కొలిచిన రెట్టింపును ఒక్కచోటనే కలిసికొనుట చూడ ముచ్చటగా నున్నది.

కుండీ యడుగున గులకరాళ్ళు పరచినచో నీరు బాగుగ పోవునని మనలో నొక నమ్మకము కలదు. నేనును చిరకాలము నమ్మితిని. అది సరికాదు. సన్నని మన్నులోని నీరు, ఆ మన్ను పూర్తిగ తడిసి నిండువరకు, క్రిందనున్న పెద్దరాళ్ళ సందులలోనికి సులభముగ దిగదు. కావున రాళ్ళు పరచినంత మేర ఆ తడిపొర వేళ్ళకు మరింత చేరువగును. చిల్లుపై మన్ను జారకుండ ఒక పెంకు ముక్క చాలును. నీరు పోవుటకు కావలసినది మన్నులోని గుల్లతనము: ఎఱ్ఱమన్ను, బాగుగ చివికిన పశువుల యెరువు, ఇసుక సమపాళ్ళలో కలిపినచో ఇంటిమొక్కలలో పెక్కింటికి సరిపోవును. చుట్టుకొన్న వేళ్ళను వ్రేళ్ళతో మెల్లగ విడదీసి, కాండము మునుపెంత లోతున నుండెనో అంతే లోతున నుంచి, నిండుగ నీరు పోసి, వారము దినములు నీడ నుంచవలయును. నెలవరకు ఘాటైన యెరువులు వేయరాదు. గాయపడిన వేరునకు విందుకంటె విశ్రాంతి ముఖ్యము.

మార్చుట యనగా పెద్దకుండీకి మార్చుటయే కానక్కరలేదు. స్థలము లేనివారు వెలుపలి వేళ్ళను కొంత కత్తిరించి, క్రొత్త మన్నుతో అదే కుండీలో మరల నాటవచ్చును. జపానువారి బోన్సాయ్ విద్యకు ఆయువుపట్టు ఇదియే. స్నేక్ ప్లాంట్ వంటివి ఇరుకుననే సుఖముగ నుండును. వానిని తొందరపడి కదల్పరాదు. లండన్ నగరపు క్యూ ఉద్యానమున తాటిమందిరములో ఒక సైకడ్ వృక్షము కలదు. ఫ్రాన్సిస్ మాసన్ అను నతడు దక్షిణాఫ్రికానుండి తెచ్చినదానిని 1775లో అక్కడ చేర్చిరి. ప్రపంచములోని కుండీమొక్కలలో నదియే మిక్కిలి ప్రాచీనమైనదని ప్రసిద్ధి. మన శేషాచల పర్వతములలో పెరుగు సైకస్ బెడ్డోమి దానికి దూరపు బంధువు. రెండువందల యేండ్లు దాటిన ఆ వృద్ధవృక్షమునకు 2009లో కూడ క్రొత్త పెట్టెను అమర్చి మార్చిరి. టన్ను బరువు మించిన ముసలిదానిని కదల్చుటకు ఎంతమంది యెంత భయపడియుందురో! ఐనను మార్చిరి, అదియు బ్రదికియున్నది. "నాటిన మొక్కను కదల్పరాదు" అని మన పెద్దలు చెప్పు మాటలో సగము సత్యమున్నది. ఊరక కదల్పరాదు, ఊపిరాడనప్పుడు కదల్పక మానరాదు.

ఇక పాఠశాలల మాట. 1950లో వనమహోత్సవము ఆరంభమైన నాటినుండి మన పాఠశాలలలో మొక్కలు నాటుట యొక వేడుకయైనది. తెలంగాణమున 2015లో హరితహారము మొదలయినప్పుడును బాలబాలికలు ఉత్సాహముతో పాల్గొనిరి. ఇది మెచ్చదగినదే. కాని నాటిన దినమున నున్న సందడి, పోషించు దినములలో నుండదు. నాటునప్పుడు ఛాయాచిత్రము తీయుదురు. కుండీ మార్చునప్పుడు ఎవ్వరును తీయరు. దానివలన బాలురకు మనమెరుగకయే ఒక పాఠము నేర్పుచున్నాము: ఆరంభించుటయే ఘనకార్యమని, కొనసాగించుట నౌకరు పని యని. ఈ పాఠము మొక్కకంటె బాలునకే హెచ్చు కీడు.

కావున నా సూచన యిది. ప్రతి సంవత్సరము తొలివానలు పడిన పిమ్మట ఒక్క గంటను ప్రతి పాఠశాలయు దీనికి కేటాయించవలయును. ప్రతి విద్యార్థియు తన కుండీని తలక్రిందు చేసి వేరు చూడవలయును. మార్చవలయునా, వలదా అని తానే నిర్ణయించి, కారణము వ్రాయవలయును. "వలదు" అని వ్రాసినవానికిని, కారణము సరియైనచో, పూర్తి మార్కులీయవలయును. పాఠ్యభాగములు పూర్తిచేయుటకే సమయము చాలదని ఉపాధ్యాయులనవచ్చును. నేనును ఆ వృత్తిలో తలనెరసినవాడనే. ఆ బాధ యెరుగుదును. కాని ఆ యొక్క గంటలో వేరు నిర్మాణమున్నది, శ్వాసక్రియ యున్నది, ఘనపరిమాణమున్నది, ఋతుజ్ఞానమున్నది, చూచినదానిని చూచినట్లు వ్రాయు భాషాభ్యాసమున్నది. ధనము లేదందురా? పెద్దమొక్క విడిచిన కుండీ చిన్నమొక్కకు వచ్చును; చిల్లులు పొడిచిన పాతడబ్బా అన్నిటికంటె చిన్నదానికి వచ్చును. కావలసినది తట్టెడు మన్నును, చేతికి మన్నంటిన నామోషి లేదను బుద్ధియును.

బాలురను మొక్కలతో పోల్చి ఉపన్యసించుట మన సభలలో పరిపాటి. ఆ పోలిక నాకంతగ నచ్చదు. మొక్క తన బాధను ఆకుచేత సూచించునే గాని నోటితో చెప్పలేదు. బాలుడు చెప్పగలడు, చెప్పుచునే యున్నాడు. నాటి సంగతినే చూడుడు. వాలిన రెమ్మ అనుమానప్రమాణమై నా యెదుట నుండెను. దానినుండి నేను తప్పుటూహ చేసితిని. వేరు ప్రత్యక్షప్రమాణమై చేతికందు దూరమున నుండెను, నేను చూడలేదు. రెండేండ్లు రెండుపూటల నీరు పోసిన బాలిక మాట శబ్దప్రమాణమై చెవిలో పడెను, నేను వినలేదు.

నేటికిని వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచినప్పుడెల్ల నేను మొదట చేయు పని వరండాలోని కుండీలను ఒక్కొక్కదానిని తట్టి చూచుట. ఎవని మొక్కయైన వాడియున్నచో, "నీరు పోయుచున్నావా?" అని అడుగుట మానితిని. "పోసిన నీళ్ళు ఏమవుతున్నాయిరా?" అని అడుగుచున్నాను. ఆ ప్రశ్న నాకు నేర్పిన బాలిక ఇప్పుడెక్కడ నున్నదో తెలియదు. ఆమెకు ఈయవలసిన బహుమానము నాయొద్దనే యుండిపోయినది.